తాగుడు మానిన తండ్రి - బస్తీ ఇంట్లో ఆ తర్వాతి సంగతి

మన సినిమాల్లో, కథల్లో, స్వచ్ఛంద సంస్థల నివేదికల్లో తాగుబోతు తండ్రి కథ ఒకే చోట ఆగిపోతుంది. ఆయన సీసా పగలగొడతాడు, లేదంటే బిడ్డ తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేస్తాడు. ఇల్లాలు కళ్లు తుడుచుకుంటుంది. అక్కడితో కథ అయిపోతుంది. కూలి చేసుకుని బతికే ఇంట్లో అసలు పని మొదలయ్యేది అక్కడే. తాగుడు ఆగినప్పటి బాధను శరీరం ఒకటి రెండు వారాల్లో దాటుతుంది. ఆ మనిషి మళ్లీ తండ్రిగా ఇంట్లో చోటు సంపాదించుకోవడానికి మాత్రం ఏళ్లు పడుతుంది. ఈ మధ్య కాలంలో ఏం జరుగుతుంది, దళిత కుటుంబంలో అది ఎందుకు మరింత బరువవుతుంది అన్నది అఫ్జల్‌గంజ్ పరిసరాలను ఎదురుగా పెట్టుకుని చూద్దాం.

అయిదో నిజాం అఫ్జలుద్దౌలా పేరు మీద వెలసిన ఈ గంజ్‌కు ఒక పక్క మూసీ ఒడ్డున ఉస్మానియా దవాఖాన ఉంది. ఇంకో పక్క బేగంబజార్, ఉస్మాన్‌గంజ్, సిద్ధిఅంబర్‌బజార్ టోకు దుకాణాలు. అవతల గౌలిగూడ బస్టాండు. మూటలు దించే హమాలీలు, తోపుడు బండ్ల వాళ్లు, పాలమూరు నుంచి దిగి అడ్డా మీద నిలబడే కూలీలు, దవాఖానలో కడిగే కాంట్రాక్టు మనుషులు, తెల్లారక ముందే రోడ్లు ఊడ్చే మున్సిపాలిటీ వాళ్లు - ఈ ప్రాంతం నడిచేది వీళ్ల రెక్కల మీద. మూట మోసే చోట అన్ని కులాల పేదలూ కనిపిస్తారు. ఊడ్చే, కడిగే, మోరీలో దిగే పనికి వచ్చేసరికి ఎక్కువగా దళితులే మిగులుతారు. గుడుంబాకు పేరుపడ్డ ధూల్‌పేట ఇక్కడికి దగ్గరే. మద్యం మీద సర్కారు ఆదాయం లెక్క చూసే ఆబ్కారీ భవన్ నాంపల్లిలో ఉంది. తాగుడు మీద పైసలు లెక్కపెట్టే ఆఫీసు నుంచి తాగి పడిపోయినోన్ని పండబెట్టే దవాఖానకు నడిచిపోవచ్చు.

ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. ఆయన తాగేది ఏమిటి? "కల్లేనయ్యా, సారా గూడ కాదు" అంటారు ఇంట్లో వాళ్లు. పులిసిన కల్లులో ఆల్కహాలు మామూలుగా నూటికి నాలుగైదు పాళ్లు ఉంటుంది. కానీ హైదరాబాదు చుట్టుపక్కల అంతమందికి సరిపడా తాటిచెట్లు, ఈతచెట్లు ఎక్కడున్నాయి? చెట్టు నుంచి రాని కల్లు పౌడరు నుంచి వస్తుంది. నీళ్లు, శాకరిన్, వాటిలో మత్తు కోసం క్లోరల్ హైడ్రేట్, డయజపాం, ఆల్ప్రజోలం. వీటిలో క్లోరల్ హైడ్రేట్ 1832లో జర్మనీలో లీబిగ్ తయారుచేసిన పదార్థం. 1869లో లీబ్రైష్ దాన్ని నిద్రమందుగా వాడుకలోకి తెచ్చాడు. ఒంట్లోకి పోయాక అది క్లోరోఫాంగా మారి నిద్ర పుట్టిస్తుందని ఆయన ఊహ. ఆ ఊహ తప్పని తర్వాత తేలింది. చిత్రమేమంటే, క్లోరోఫాం ప్రాణానికి ఎంత ప్రమాదమో తేల్చడానికి 1888, 1889లలో ప్రపంచం గమనించిన రెండు హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు పనిచేశాయి. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రితో ముడిపడిన డాక్టర్ ఎడ్వర్డ్ లారీ వాటికి పూనుకున్నాడు. ఆ ఆసుపత్రి 1908 మూసీ వరదలో కొట్టుకుపోయింది, తర్వాత ఉస్మానియా దవాఖాన లేచింది. మత్తుమందును డాక్టర్లు అంత జాగ్రత్తగా తూచిన ఊళ్లోనే, దాని చుట్టం లాంటి మందును తూకం లేకుండా కుండల్లో కలిపి కూలి మనిషికి పోశారు.

నగరంలో కల్లు దుకాణాలను 2004లో మూసివేశారు, 2014లో మళ్లీ తెరిచారు. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. ఇలా జరిగిన ప్రతిసారీ నేరం గీత కార్మికుల మీదకు నెట్టడం సులువు. చెట్టు మీది నుంచి పడి నడుములు విరగ్గొట్టుకునేది గీత కార్మికుడే. పౌడరు కలిపి లాభం మూటగట్టేది కాంపౌండు నడిపేవాడు. ఈ తేడా మరిచి ఒక బహుజన కులం మీద ఇంకో బహుజన కులాన్ని ఉసిగొల్పే మాటలకు మనం దూరంగా ఉండాలి.

ఏం తాగాడన్నది వైద్యానికి ఎందుకు ముఖ్యమో చెప్పాలి. మెదడులో గాబా అనే పదార్థం బ్రేకు లాగా పనిచేస్తుంది. ఆల్కహాలు, ఆల్ప్రజోలం, క్లోరల్ మూడూ ఆ బ్రేకును ఇంకా గట్టిగా తొక్కేవే. ఏళ్ల తరబడి అట్లా తొక్కుతూ పోతే, మెదడు తట్టుకోవడానికి తన సొంత బ్రేకును వదులు చేసుకుంటుంది. ఉన్నట్టుండి తాగుడు ఆపితే బండికి బ్రేకు లేదు. ఆరేడు గంటల్లో చేతులు వణుకుతాయి, చెమట పోస్తుంది, నిద్ర రాదు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. మూడో రోజు, నాలుగో రోజు ప్రాంతంలో కొందరికి మతి చెదురుతుంది. గోడ మీద పురుగులు పాకుతున్నట్టు కనిపిస్తుంది, లేనివాళ్లతో మాట్లాడతారు. దీన్ని బస్తీలో గాలి సోకిందంటారు, చేతబడి అంటారు. అది ప్రాణం తీయగల జబ్బు. ఆల్ప్రజోలం కలిసిన కల్లయితే ఇంకా చిక్కు. దాన్ని ఒక్కసారిగా ఆపకూడదు. అదే జాతి మందును డాక్టరు కొలిచి ఇచ్చి, రోజుల తరబడి, ఒక్కొక్కప్పుడు వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గించాలి. తిండి సరిగా లేక తాగిన ఒంటికి బి1 విటమిన్ కూడా తగినంత ఎక్కించాలి. లేకుంటే జ్ఞాపకశక్తి శాశ్వతంగా దెబ్బతినే ప్రమాదం ఉంది. అందుకని "మొగోడివైతే రేపటి నుంచి బంద్ చెయ్" అనే సవాలు మంచి మాటలాగా వినిపిస్తుంది గానీ, బాగా అలవాటుపడ్డ మనిషి విషయంలో ప్రమాదకరమైన సలహా. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో దుకాణాలు, కల్లు కాంపౌండ్లు ఒక్కసారి మూతపడ్డప్పుడు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి ఇటువంటి లక్షణాలతోనే జనం వరసకట్టారు. మే 6న మద్యం దుకాణాలు తెరిచారు. ఆ మధ్య నెలన్నరలో మానినవాళ్లను నిలబెట్టే ఏర్పాటు ఏదీ బస్తీల్లోకి రాలేదు.

గోడల మీద, బస్సుల వెనక ఇంకో రకం వైద్యం రాసి ఉంటుంది. 'తాగేవారికి తెలియకుండా తాగుడు మాన్పిస్తాం' అని. ఇట్లా అన్నంలో, చాయలో కలిపి పెట్టే మందుల్లో డైసల్ఫిరాం ఉంటే ప్రమాదం. అది వేసుకున్న మనిషి తాగితే ముఖం ఎర్రబారి, గుండె దడదడలాడి, వాంతులై, రక్తపోటు పడిపోతుంది. ఆ భయంతో తాగకుండా ఉండాలన్నదే ఆ మందు సూత్రం. అంటే రోగికి తెలిసి, ఒప్పుకుని వేసుకుంటేనే దానికి అర్థం. తెలియకుండా పెడితే గుండె జబ్బు ఉన్నవాడు చచ్చిపోవచ్చు. అంతకన్నా మన విషయానికి దగ్గరి నష్టం ఇంకోటి ఉంది. భార్య వడ్డించిన అన్నం మీద నమ్మకం పోయాక ఆ ఇంట్లో తిరిగి నిలబెట్టడానికి ఏం మిగులుతుంది?

ఇక ఎందుకు తాగుతాడు అన్న ప్రశ్న. దీనికి బయటి నుంచి వచ్చే జవాబు ఎప్పుడూ ఒక్కటే: వాళ్లకు అదుపు లేదు, బుద్ధి లేదు. ఈ జవాబు ఎంత డొల్లదో బెజవాడ విల్సన్ జీవితం చెబుతుంది. 1966లో కర్ణాటకలోని కోలార్ బంగారు గనుల ఊళ్లో, పాకీ పని చేసే తెలుగు దళిత కుటుంబంలో ఆయన పుట్టాడు. తండ్రి, అన్న ఆ పనిలోనే ఉన్నారు. చదువుకున్న కుర్రాడిగా తన వాళ్ల మధ్య తిరుగుతూ, తాగుడే వీళ్లను ముంచుతోందని అనుకుని మానమని చెప్పడం మొదలుపెట్టాడు. తాగకుండా ఈ పని ఎట్లా చేస్తామని వాళ్లు ఎదురు అడిగారు. ఆ పని ఏమిటో చూపించమని వెంట వెళ్లాడు. మలం ఎత్తే బకెట్ గుంటలో పడిపోతే ఒకతను చొక్కా చేతులు పైకి మడిచి, చెయ్యి లోపలికి పెట్టి దాన్ని తీయడం కళ్లారా చూశాడు. అక్కడ ఏడ్చానని ఆయనే ఎన్నో సభల్లో చెప్పుకున్నాడు. ఆ తర్వాత ఆయన తాగుడు మీద ఉపన్యాసాలు మాని పని మీదనే పోరాడాడు. మలాన్ని మనుషులతో ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో చట్టం వచ్చింది. ఆయన ముందుండి నడిపిన సఫాయి కర్మచారి ఆందోళన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2014 మార్చి 27న, మోరీల్లో చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షల రూపాయలు ఇవ్వాలంది. 2023 అక్టోబర్‌లో వచ్చిన మరో తీర్పు దాన్ని 30 లక్షలకు పెంచింది.

విల్సన్ అనుభవం మన అంశానికి నేరుగా తగులుతుంది. దవాఖాన నుంచి పదిహేను రోజులకు ఇంటికొచ్చిన తండ్రి పదహారో రోజు పోయేది ఎక్కడికి? అదే మోరీ, అదే శవాల గది, అదే మూట. ఆ పని కోసమే ఒంటిని మొద్దుబార్చే అలవాటు పుట్టినప్పుడు, పని మారకుండా మనిషి మారాలనడం అన్యాయం. వెంటనే పని మార్చలేని చోట కనీసం బూట్లు, చేతి తొడుగులు, స్నానానికి నీళ్లు, మిషన్లు అడగడం కూడా వ్యసన చికిత్సలో భాగమేనని మనం వాదించాలి. డీ-అడిక్షన్ కేంద్రాల్లో ఈ మాట వినపడదు.

అట్లాగని, పని కష్టం కాబట్టి తాగుతాడు, ఏం చేస్తాం అని సర్దుకోవడం కూడా మన సంప్రదాయం కాదు. ఇక్కడ భాగ్యరెడ్డి వర్మను గుర్తుచేసుకోవాలి. 1888లో హైదరాబాదులో మాదరి భాగయ్యగా పుట్టిన ఆయన 1906లో జగన్మిత్ర మండలి, 1911లో మన్యసంఘం స్థాపించాడు. అఫ్జల్‌గంజ్‌కు దగ్గర్లోని ఇసామియా బజారులో దళిత పిల్లలకు బడి పెట్టించినవాడు. మద్యపానం, జోగిని ఆచారం, జంతుబలి - మూడింటి మీదా ప్రచారం చేశాడు. దీన్ని కొందరు విమర్శకులు అగ్రవర్ణ ఆచారాల అనుకరణగా కొట్టిపారేస్తారు. ఆ విమర్శలో కొంత నిజముందేమో గానీ, ఆయన చేసింది ఉపదేశం ఒక్కటే అయితే గదా! తగువులు తీర్చడానికి సొంత పంచాయతీలు, పిల్లలకు బడులు, సభలు - మానిన మనిషి పోయి కూర్చోవడానికి ఒక చోటు కట్టాడు. ఆ చోటు లేకపోతే సాయంత్రం ఆరు గంటలకు కాళ్లు పాత దిక్కుకే పోతాయి. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో అంబేడ్కర్ చేయించిన ఇరవై రెండు ప్రతిజ్ఞల్లో మద్యం తాగననేది కూడా ఒకటి. అక్కడా అది ఒంటరి ఒట్టు కాదు. లక్షల మంది ఒక్కసారిగా కొత్త సమాజంలోకి నడుస్తూ చెప్పిన మాట.

ఇప్పుడు ఇంటి లోపలికి వద్దాం. తండ్రి తాగుతున్న ఏళ్లలో ఇల్లు ఆగిపోదు, ఆయన లేకుండా నడవడం నేర్చుకుంటుంది. పైసలు భార్య దాస్తుంది, అప్పులోడికి జవాబు ఆమే చెబుతుంది. పెద్ద కొడుకు బడి మాని దుకాణంలో కుదురుతాడు, పన్నెండేళ్లకే ఇంటికి పెద్ద అవుతాడు. బిడ్డ నాయిన అడుగుల చప్పుడును బట్టి ఆ రాత్రి ఎట్లుంటదో పసిగట్టడం నేర్చుకుంటుంది. ఇట్లాంటి ఇంట్లోకి మానిన మనిషి వచ్చి నేను మారిన, ఇక నా మాట వినండి అంటే ఎవరు వింటారు? కొడుకు తన చేతిలోని పెత్తనం ఇవ్వడు, ఇవ్వాల్సిన అవసరమూ లేదు. భార్య జేబులు వెతకడం మానదు. ఆమెది అనుమానం అంటారు గానీ అది ఆమె ఏళ్ల అనుభవం. మొదటి నెలల్లో నిద్ర పట్టకపోవడం, చిన్న మాటకు కోపం రావడం మామూలు లక్షణాలు. వాటిని చూసి "తాగినప్పుడే నయం" అనే మాట ఇంట్లో ఎవరి నోటి నుంచో వస్తుంది. ఆ మాట మనిషిని నేరుగా దుకాణం దాకా నడిపించగలదు. అది కొంతకాలం ఉండే శరీర స్థితి అని ముందే తెలిసిన ఇంట్లో ఆ మాట అనరు, అన్నా అంత లోతుగా దిగదు.

నమ్మకం చిన్న పనుల మీద తిరిగి వస్తుంది. కూలి ఏ రోజుకారోజు సాయంత్రం, అదీ వైన్‌షాపు ఎదుట చేతిలో పడే పద్ధతి హమాలీ ఇంటికి పెద్ద శత్రువు. మేస్త్రీతో మాట్లాడి పొద్దున గానీ వారానికోసారి గానీ తీసుకోవడం, భార్య పేరున బ్యాంకులో వేయించడం చాలా ఇళ్లను కాపాడుతుంది. చెప్పిన టైముకు ఇంటికి రావడం. బిడ్డను బడి దగ్గర దింపడం. నెల రోజులు వరసగా దింపితే అది వంద ఒట్ల కన్నా గట్టిది. కొట్టిన చేతికి క్షమాపణ వేరే చెప్పాలి. "తాగి కొట్టిన, తెలివిల లేను" అనే మాటతో అది చెల్లిపోదు. తాగుడు జబ్బే, కొట్టుడు నేరం. తాగుడు మానినా కొట్టుడు మానని మొగోళ్లున్నారు. అక్కడ భార్యను సర్దుకోమని చెప్పే హక్కు డాక్టరుకు గానీ, పాస్టరుకు గానీ, సంఘం పెద్దకు గానీ లేదు.

ఆడవాళ్ల పాత్రను సహనంగా మాత్రమే చూసేవాళ్లు నెల్లూరు జిల్లా దూబగుంటను మరిచిపోతున్నారు. 1991-92లో అక్షరాస్యతా తరగతుల్లో కూర్చున్న కూలి స్త్రీలు, దూబగుంట రోశమ్మ లాంటివాళ్లు, సారా దుకాణం మూయించారు. వాళ్లలో దళిత, బహుజన స్త్రీలే ఎక్కువ. మొగుణ్ని బాగుచేసే బరువు ఇంట్లో మోయడానికి బదులు వాళ్లు దాన్ని రాజ్యం నెత్తిన పెట్టారు. 'వారుణి వాహిని' పేరుతో ప్యాకెట్లలో సారా అమ్మిన ప్రభుత్వం ఎన్.టి.ఆర్. ది. ఆయనే 1994 డిసెంబర్ 12న, నాంపల్లికి దగ్గర్లోని లాల్‌బహదూర్ స్టేడియంలో ప్రమాణం చేసి మద్య నిషేధం ఫైలు మీద సంతకం చేయాల్సి వచ్చింది. అంతకుముందే 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం రాష్ట్రమంతా వచ్చింది. సంపూర్ణ నిషేధాన్ని 1997లో ఎత్తేశారు. దుకాణాలు తిరిగొచ్చినా నెల్లూరులో ఒకటి మిగిలింది: రోజుకో రూపాయి దాచే పొదుపు లక్ష్మి సంఘాలు. సారాకు పోయే రూపాయిని స్త్రీ చేతిలో నిలపడం అక్కడ ఉద్యమం తర్వాతి అడుగైంది. మానిన తండ్రి కుటుంబానికి సంఘం అప్పు, పాత వడ్డీ అప్పు నుంచి బయటపడే దారి కూడా.

దళిత ఇంట్లో ఇంకో చిక్కు ఉంది, బయటి కౌన్సిలర్లకు అది తట్టదు. బోనాలకు కల్లు సాక పోయాలి. చావుకు డప్పు కొట్టాలి, కొట్టినోడికి కూలిలో భాగంగా తాగుడు పోస్తారు. దినం రోజు తాగకపోతే చచ్చినోన్ని అవమానించినట్టు చూస్తారు. మానిన మనిషి ఇవన్నీ వదిలేస్తే కులం నుంచి తెగిపోతాడు, పోతే తాగుతాడు. కూలి పైసల్లోనే ఇవ్వాలని డప్పు కళాకారులు ముందే ఒప్పందం చేసుకోవడం, సాకను నేల మీద పోసి ఊరుకోవడం వంటివి సంఘంగా నిర్ణయించుకోవాల్సిన విషయాలు. ఒక్కడు నిలబడి కాదంటే నవ్వుతారు. పదిమంది అంటే అది కొత్త కట్టడి అవుతుంది.

1935లో అమెరికాలోని ఆక్రన్‌లో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ ఈ 'పదిమంది' సూత్రం మీదే నడుస్తుంది. తాగి మానినవాళ్లే ఒకచోట కూర్చుని ఒకరినొకరు నిలబెట్టుకుంటారు, ఫీజు ఉండదు, పేరు బయటపెట్టరు. కుటుంబాలకు అల్-అనాన్ ఉంది. మంచి పద్ధతి. కానీ గోడకు గోడ ఆనుకున్న బస్తీలో అజ్ఞాతం ఎక్కడిది? పైగా పేరు దాచినా మాట తీరు కులాన్ని చెబుతుంది. మన అంబేడ్కర్ సంఘాల గదులు వారానికి ఒక సాయంత్రం, సరిగ్గా ఆరు గంటలకు, ఇటువంటి కూడికకు తెరిస్తే ఖర్చేమీ లేదు. కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ కోసం ఎయిమ్స్ చేసి 2019లో వెలువరించిన జాతీయ సర్వే ప్రకారం, మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. ఆసుపత్రిలో చేరి చికిత్స పొందింది 180 మందిలో ఒక్కరు. మిగతావాళ్లకు ఉన్నది ఇల్లు, బస్తీ, సంఘమే.

చాలామంది మళ్లీ ఒకసారైనా జారతారు. బీపీ మందు మానితే బీపీ పెరిగినట్టే ఇదీ. అట్లా జారినప్పుడు మొదటి రెండు మూడు రోజుల్లో తీసుకుపోతే మళ్లీ మొదటికి రాకుండా ఆపవచ్చు. తీసుకుపోయేటప్పుడు పాత చిట్టీ, ఏం తాగాడు, ఏ కాంపౌండులో, ఎన్ని రోజుల నుంచి అన్న వివరం రాసిన కాగితం వెంట ఉండాలి. ఫిట్స్ వచ్చినా, మతి చెదిరినా రాత్రయినా సరే ఉస్మానియా అత్యవసర విభాగానికే పోవాలి. గొలుసులు వేసే, కొట్టే ప్రైవేటు కేంద్రాలకు పంపవద్దు. 2017 మానసిక ఆరోగ్య చట్టం మద్యం వ్యసనానికి సంబంధించిన స్థితులను కూడా తన పరిధిలోకి తెచ్చింది, గొలుసులు వేయడాన్ని నిషేధించింది. సలహాకు 14446, మనసు బాగోలేనప్పుడు టెలి మానస్ 14416, రెండూ ఉచితం. ఫోను భార్య చేసినా, కొడుకు చేసినా మాట్లాడతారు.